పుల్లారావు కాదండీ, పుల్లయ్య

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డు తెలుగు మాస్టారి ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి, కాగితాలు ఎగిరిపోతున్నాయి. సరే.

మొదలుపెట్టే ముందు చిన్న సంగతి. ఆహ్వాన పత్రిక మీ చేతుల్లో ఉంది కదా, అందులో వక్త పేరు ఒకసారి చూడండి. పుల్లారావు అని ఉంది. నా పేరు పుల్లారావు కాదండీ, పుల్లయ్య. ఫోన్లో పుల్లయ్య అనే చెప్పాను. పొద్దున బస్సు దిగగానే నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాణ్ణి అడిగాను, ఏం బాబూ అచ్చుతప్పా అని. నిజాయితీపరుడు, దాచుకోలేదు. ‘అచ్చుతప్పు కాదు సార్, కార్డు మీద పుల్లయ్య అంటే బాగోదేమోనని మేమే కొంచెం మార్చాం’ అన్నాడు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. 1955లో పుట్టినవాణ్ణి, ఇన్నేళ్ళలో నా పేరుని బాగుచేద్దామని చూసినవాళ్ళలో ఈ అబ్బాయి ఎన్నోవాడో నాకే లెక్క లేదు. పైగా ఇవాళ నన్ను మాట్లాడమన్నది మనుషులు తమ పేర్ల గురించి ఏమనుకుంటారనే కదా, ఎక్కడ మొదలుపెట్టాలా అని బస్సులో వచ్చినంతసేపూ బుర్ర గోక్కున్నాను. మీ కార్డు ఆ పని చేసిపెట్టింది.

మాది పల్నాడు. నాకంటే ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు, ఒకడు పురిట్లోనే, రెండోది పాకుతూ ఉండగా. ఆ రోజుల్లో ఏ ఇంట్లో అయినా పిల్లలెందరు అని అడిగితే ఉన్నవాళ్ళ లెక్క ఒకటి, పోయినవాళ్ళ లెక్క ఒకటి చెప్పేవాళ్ళు. మూడోవాణ్ణి నేను. నేను పుట్టిన రోజున ఊళ్ళో ఎవరింట్లోనో పెద్దకర్మ భోజనాలు జరిగాయట. తిని పారేసిన విస్తళ్ళు దొడ్డి వెనక గుట్టగా పడి ఉన్నాయి. మా నాయనమ్మ నన్ను గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి ఆ ఎంగిలి విస్తళ్ళ మీద ఇటు ఒకసారి అటు ఒకసారి పొర్లించి ఇంటికి తెచ్చింది. ఎంగిలాకుని పుల్లాకు అంటారు, నిఘంటువులో చూసుకోండి, ఉంటుంది. పుల్లాకు మీద దొరికినవాడు పుల్లయ్య. అంటే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఎవరో ఉన్నారు కదా, వాళ్ళకి వినబడేట్టు చెప్పడం అన్నమాట, ఇది ఎంగిలి సరుకు, మాకే అక్కర్లేదు, మీకెందుకు అని.

పెంటయ్య, పెంటమ్మ కూడా ఇదే బాపతు. బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చేటలో ఎత్తుకొచ్చి, దొరికిందని చెప్పుకోవడం. గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు నటిస్తే తవిటయ్య, శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది ఉంటారు. అడుక్కుని తెచ్చుకున్నామంటే బిక్షం, భిక్షపతి, తెలంగాణలో ఊరికొకరు. ఇప్పుడు ఈ పేర్లు వింటే పిల్లలు కిసుక్కున నవ్వుతారు. ఆ తల్లులు ఎంత భయపడి ఉంటే కడుపున పుట్టినవాడికి చెత్త పేరు పెట్టుకుంటారో ఒక్కసారి ఆలోచించండి. బంగారు కొండ అని పిలుచుకోవాలని నోటిదాకా వచ్చినా మింగేసి, పెంటా అని పిలిచేవాళ్ళు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గాని, చిన్నప్పుడు నాకివేమీ తెలియవు. నాకు తెలిసిందల్లా వేమవరం ఒక్కటే. ‘పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు’ అని సామెత ఉంది కదండీ. (నవ్వులు) చూశారా, అనకముందే నవ్వుతున్నారు. రేపు పుల్లయ్యని వేమవరం పంపాలి అని యజమాని అనుకుంటుంటే విని, పనేంటో అడక్కుండా రాత్రికి రాత్రే వెళ్ళి తిరిగొచ్చేశాడు ఆ మహానుభావుడు. ఆయన చేసిన ఘనకార్యానికి నేను బడిలో అయిదేళ్ళు శిక్ష అనుభవించాను. మంచినీళ్ళకి వెళ్ళొస్తే వేమవరం, ఒంటేలుకి వెళ్ళొస్తే వేమవరం. ఎక్కాలు ఒప్పచెప్పడానికి లేచి నిలబడితే మాస్టారే అనేవాడు, ‘ఏరా, వేమవరంలో నేర్పలేదా?’ అని. వేమవరం పేరుతో ఊళ్ళు మన జిల్లాల్లో ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, ఏ ఒక్కదానికీ ఈ రోజుకీ వెళ్ళలేదు నేను. పెళ్ళి చూపులకి ఒక వేమవరం సంబంధం వస్తే మా అమ్మకి దండం పెట్టి మానిపించాను.

ఆరో తరగతిలో మా నాయనమ్మ దగ్గరకి వెళ్ళి ఏడ్చాను, పేరు మార్చమని. ఏం పేరు కావాలిరా అంది. రాజశేఖరం అన్నాను, అప్పట్లో మా క్లాసులో ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చే వాడి పేరు అది. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది. ‘ఇప్పుడు మారిస్తే వాళ్ళకి తెలిసిపోద్దిరా.’

వాళ్ళెవరో నేను అడగలేదు. పదకొండేళ్ళొచ్చాయి నాకు, బాగా బతికే ఉన్నాను, అయినా ఆ ముసలామె ఇంకా కాపలా కాస్తూనే ఉంది. విస్తళ్ళ కథ ఆ సాయంత్రమే చెప్పింది. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్షకి పంపే పేర్ల పట్టీ, రాసేటప్పుడు మా హెడ్మాస్టరు పిలిచి, ఇదే ఆఖరి అవకాశం, కావాలంటే పుల్లారావు అని రాస్తానన్నాడు. సర్టిఫికెట్లో ఎక్కాక మార్చడమంటే అఫిడవిట్టు, పేపరు ప్రకటన, గెజిట్టు, అదొక పెద్ద తతంగం. వద్దన్నాను. మూఢనమ్మకం కాదా అంటే మూఢనమ్మకమే. నేను పిల్లలకి సైన్సు గురించి, హేతువు గురించి పాఠాలు చెప్పినవాణ్ణే, అయినా ఆ ఒక్క విషయంలో నాయనమ్మ మాట దాటలేదు. ఆమె పోయి యాభై ఏళ్ళు దాటింది, ఇప్పుడు మారిస్తే ఎవరికి తెలుస్తుంది? ఏమో, ఎందుకొచ్చిన గొడవ. అన్నట్టు తెలుగు సినిమా తొలినాళ్ళ పెద్ద దర్శకుల్లో ఇద్దరు పుల్లయ్యలే, సి. పుల్లయ్య, పి. పుల్లయ్య. కాలేజీలో ఎవడన్నా నవ్వితే ఈ రెండు పేర్లూ ఆయుధాల్లా బయటికి తీసేవాణ్ణి.

టీచరుగా 1979లో చేరి 2013లో దిగిపోయాను. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ పొద్దున చేసిన మొదటి పని పేర్లు పిలవడం. హాజరు పట్టీ తెరిస్తే అది ఏ ఊరో చెప్పెయ్యొచ్చండీ, బోర్డు చూడక్కర్లేదు. నరసరావుపేట చుట్టుపక్కల ఒక క్లాసులో నాకు ఆరుగురు కోటేశ్వరరావులు, ఇద్దరు కోటయ్యలు, ముగ్గురు కోటేశ్వరమ్మలు ఉండేవాళ్ళు. కోటప్పకొండ దయ. కోటేశ్వరరావ్ అని పిలిస్తే ఆరుగురూ ఒక్కసారే లేచేవాళ్ళు, కొట్టాలన్నప్పుడు మాత్రం ఒక్కడూ లేచేవాడు కాదు. అప్పలరాజు, అప్పలనర్సమ్మ, సింహాచలం అంటే సింహాద్రి అప్పన్న వైపు. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. నూకరాజు, నూకాలు అనకాపల్లి నూకాలమ్మ. లోవరాజు, లోవలక్ష్మి అన్నారంటే తుని దగ్గర తలుపులమ్మ లోవ, ఇంక అడగక్కర్లేదు. పెంచలయ్య అంటే నెల్లూరు జిల్లా పెంచలకోన. ఓబులేసు అహోబిలం, మద్దిలేటి కర్నూలు, నంద్యాల. యాదగిరి, యాదమ్మ, కొమురయ్య, ఐలయ్య, రాజన్న, సమ్మయ్య, సారక్క, ఇవి చెబితే తెలంగాణలో ఏ గుడికి ఏ రోజు బస్సులు నిండుతాయో తెలిసినట్టే. ఇంకో విషయం, నాకు చాలా ఇష్టమైనది. మస్తానయ్య, మస్తానమ్మ, నాగూరయ్య, దస్తగిరి, సైదులు. వీళ్ళలో చాలామంది హిందువులు. కసుమూరు దర్గాకో, నాగూరు దర్గాకో, నల్గొండ వైపు జాన్‌పహాడ్‌కో మొక్కుకుంటే పుట్టిన పిల్లలు. సైదులు నుదుట బొట్టు పెట్టుకుని బడికొస్తాడు, ఆ పేరులో అరబ్బీ మాట ఉందని వాడికెప్పుడూ తట్టదు, తట్టాల్సిన అవసరమూ లేదు.

ఈ పిల్లల్లో సగం మంది ఇప్పుడు పట్నాల్లో ఉన్నారు, పేర్లు కురచ చేసుకున్నారు. అప్పలరాజు రాజు అయ్యాడు, పెంచలయ్య పి. వర్మ అయ్యాడు, ఎలాగయ్యాడని అడక్కండి. ఊరి పేరు మొహాన రాసుకుని తిరుగుతున్నట్టు ఉంటుంది సార్ అని ఒకడు చెప్పాడు నాతో. తప్పేముంది అనొచ్చు మనం, ఇక్కడ కూర్చుని. ఇంటర్వ్యూలో పేరు అడిగి పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నవాళ్ళ ముందు కూర్చున్నది వాడు, మనం కాదు.

ఇక్కడ కొంచెం నిష్ఠూరం మాట చెప్పాలి. మనిషికి తన పేరంటే ఇష్టమో అసహ్యమో ఏర్పడేది ఆ పేరు అర్థం వల్ల కాదని నా అనుభవం. ముసలమ్మ అని పేరున్న పదహారేళ్ళ పిల్లలు హాయిగా తిరిగేవాళ్ళు, అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట నిలవడానికి ప్రాణం ఇచ్చిందని చెప్పుకునే ముసలమ్మ కూడా వయసులో ఉన్న కోడలే. ఎవరు పిలిచారు, ఎలా పిలిచారు, దాన్నిబట్టి ఉంటుంది అంతా. మా ఊళ్ళో వెంకయ్యలు ఇద్దరు, ఒకే ఈడు, ఒకే జాతరకి మొక్కుకుంటే పుట్టినవాళ్ళు. పెద్దబజారులో ఉన్నాయన వెంకయ్య గారు. పల్లె చివర ఉన్నాయన ఎంకడు, ఎంకిగాడు. ఆయనకి అరవై ఏళ్ళొచ్చినా, మనవలు పుట్టినా, పదేళ్ళ పిల్లాడు ‘ఒరేయ్ ఎంకా’ అని కేకేస్తే చేతులు కట్టుకుని వచ్చేవాడు. ఆయన పేరులో ఉన్న అయ్యని ఊరు లాగేసుకుంది. మనుస్మృతి రెండో అధ్యాయంలో నామకరణం గురించి చెబుతూ బ్రాహ్మణుడికి మంగళకరమైన పేరు, క్షత్రియుడికి బలాన్ని, వైశ్యుడికి ధనాన్ని సూచించే పేరు పెట్టమని, శూద్రుడికి మాత్రం ఏవగింపు కలిగించే పేరు పెట్టమని రాసి ఉంది. మా ఊళ్ళో అది చదివినవాడు ఒక్కడు కూడా ఉండి ఉండడు. చదవకుండానే అమలు చేశారు.

అందుకే పేరు చివర తోక విషయంలో మనవాళ్ళు రకరకాలుగా పోట్లాడారు. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి గారు కమ్యూనిస్టయ్యాక రెడ్డి తీసేసి సుందరయ్య అయ్యారు. ఆయన వదిలించుకుంటే, కంచ ఐలయ్య గారు ఎదురు వెళ్ళి, మా వాళ్ళు గొర్రెలు కాస్తారు, అదే నా పేరు అని చివర షెపర్డ్ తగిలించుకున్నారు. ఒకాయన తీసేశాడు, ఒకాయన పెట్టుకున్నాడు, ఇద్దరి కోపమూ ఒకటే. విజయవాడ నాస్తికుడు గోరా గారైతే అసలు దేవుళ్ళ జోలికే పోలేదు, 1930లో ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు, ఇంకో కొడుకు పేరు సమరం, మీకందరికీ తెలిసిన డాక్టరు గారే. లవణం గారికి చిన్నప్పుడు బడిలో ఎన్ని ఉప్పు జోకులు పడ్డాయో అని నాకెప్పుడూ అనుమానం. పుల్లయ్యకి రాదా మరి అనుమానం?

రెండు పేర్లతో బతికేవాళ్ళ సంగతి ఇంకోటి. మా వైపు క్రైస్తవ పేటల్లో పిల్లవాడికి చర్చిలో ఏసుపాదమో దానియేలో అని పేరు ఉంటుంది, బళ్ళో నాగేశ్వరరావు. ఇదేదో మోసం అన్నట్టు మాట్లాడతారు కొందరు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందూ మతంలో ఉంటేనే ఎస్సీ అని, అంటే క్రైస్తవుడని రాయిస్తే ఎస్సీ రిజర్వేషను ఉండదు. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవులు ఇప్పటికీ బయటే. అంటరానితనం మాత్రం మతం చూసి మానలేదు. మరి వాడేం చెయ్యాలి? ఆదివారం ఒక పేరుకి పలుకుతాడు, సోమవారం ఇంకోదానికి పలుకుతాడు. నేను సోమవారం పేరు పిలిచేవాణ్ణి. ఆదివారం పేరు తెలిసిన రోజున వాళ్ళింట్లో టీ ఇచ్చారు నాకు, అంటే నమ్మారన్నమాట.

ఆడవాళ్ళ సంగతికొద్దాం. ఇక్కడ అమ్మలు చాలామంది ఉన్నారు, నేను తప్పు చెబితే దిద్దండి. మా అమ్మ పేరు నాగరత్నం అని నాకు తెలిసింది పదో ఏట. అప్పటిదాకా ఆమె మా నాన్నకి ‘ఇదిగో’, మా నాయనమ్మకి ‘అమ్మాయి’, ఊరికి ‘పుల్లయ్య తల్లి’. మా మేనమామ మనియార్డరు పంపితే పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి నాగరత్నమ్మ ఎవరమ్మా అన్నాడు, నేను బయటికొచ్చి, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరండీ అన్నాను. వెనక మా అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆ మొహం ఇంకా గుర్తుంది నాకు. సిగ్గో సంతోషమో చెప్పలేను, చాలా రోజుల తర్వాత పుట్టింటి మనిషి కనబడితే ఉంటుందే, అలా ఉంది.

ఇక మొగుడి పేరు చెప్పమంటే చచ్చినా చెప్పేది కాదు. మా నాన్న వెంకటేశ్వర్లు. ఓటర్ల లిస్టు రాయడానికి వచ్చినాయన భర్త పేరేంటమ్మా అంటే ఆకాశం వైపు చూపిస్తుంది. పోయాడా అంటాడాయన. అయ్యో కాదు, కొండ మీదాయన పేరు అంటుంది. ఏ కొండ? ఏడు కొండలు. అప్పటికి ఆయనకి వెలిగేది. దేవుడి పటం ముందు కూడా గోవిందా గోవిందా అనేదే గాని వెంకటేశా అని ఒక్కసారీ అనలేదు. మనం నవ్వుకుంటాం. ఈ అలవాటు ఎంత దూరం పోయిందో చెబుతాను వినండి. మన దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు, 1951-52. దాదాపు 8 కోట్ల మంది ఆడ ఓటర్లు ఉంటే, అందులో సుమారు 28 లక్షల మంది తమ సొంత పేరు చెప్పలేదు, ఫలానావాడి భార్యని, ఫలానావాడి కూతుర్ని అని రాయించుకున్నారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఏమన్నారంటే పేరు లేనిదే ఓటు లేదు అని. వాళ్ళందరినీ లిస్టులోంచి తీసేశారు. కఠినంగా ఉంది గాని, ఆయన చేసింది సరైనదేనంటాను నేను. ఆ తర్వాతి ఎన్నికలకి చాలామంది పేరు చెప్పారు మరి.

మన పెళ్ళిళ్ళలో కొత్త జంటని గుమ్మం ముందు ఆపి ఆడపడుచులు పేర్లు చెప్పమంటారు చూడండి, ఆ సరదా ఇందులోంచి వచ్చిందే. జన్మలో ఒక్కసారి అనుమతి. తాత పేరు మనవడికి పెట్టడంలో ఇంకో చిక్కు ఉంది. మామగారి పేరు కోడలు ఎత్తకూడదు, కొడుక్కి మామగారి పేరే పెట్టారు, మరి వాణ్ణి ఎలా పిలవాలి? అలా పుట్టినవే ఈ బుజ్జిలు, చంటిలు, నానీలు, అబ్బాయిలు. అరవై ఏళ్ళ సర్పంచిని ఊరంతా చంటి గారు అంటుంది, కారణం ఇది. గడుసు కోడళ్ళు కూడా లేకపోలేదు లెండి, మామగారు అరుగు మీద ఉన్నప్పుడే కొడుకుని అసలు పేరు పెట్టి గట్టిగా తిట్టేవాళ్ళు. (నవ్వులు) మీరు అలా చేశారా? ఆ మూల అమ్మగారు ఎందుకో గట్టిగా నవ్వుతున్నారు.

ఇప్పటి పేర్ల గురించి ఎక్కువ చెప్పను, చెబితే ముసలోడి గొణుగుడు అంటారు. నా కొడుక్కి నా పగ తీరేలా 1983లో రవికిరణ్ అని పెట్టాను, వాడి క్లాసులో నలుగురు కిరణ్‌లు, ఇద్దరు రవులు. నాన్నా, కనీసం నీ పేరు ఇంకెవరికీ లేదు అని ఏడ్చాడు వాడు. ఇప్పుడు టెక్సాస్‌లో ఉన్నాడు. అక్కడ మనవాళ్ళ అవస్థ చెబుతాడు, వెంకట సుబ్రహ్మణ్యం, వెంకట రమణ, వెంకట సాయి ముగ్గురూ ఒకే ఆఫీసు, ముందు మాట పట్టుకుని ముగ్గుర్నీ వెంకటా అంటారట. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలో పడి రెండో గడి ఖాళీగా ఉంటే వీసాలో ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్. తెలియదు అన్నదే పేరైపోయింది వాడికి. మా పోస్టుమాన్ కథే మళ్ళీ, కాకపోతే విమానమెక్కి.

మనవరాలు పుట్టినప్పుడు వాట్సాప్‌లో నలభై పేర్లు పంపి ఓటెయ్యమన్నారు. నక్షత్రం అక్షరాల గొడవ పెట్టొద్దన్నాను ముందే, ఆర్ద్రకి ఙ వస్తుంది, హస్తకి ణ వస్తుంది, వాటితో పేరు పెట్టిన మొనగాణ్ణి నేనింతవరకు చూడలేదు. వాళ్ళ షరతేమిటంటే అక్కడివాళ్ళకీ నోరు తిరగాలి, ఇక్కడ మా ఆవిడకీ తిరగాలి. అందరికీ నచ్చింది మాయ. మా ఆవిడ మాత్రం ఫోన్లోనే మొహం చిట్లించింది, ‘బిడ్డ పుట్టాక పడేదాన్ని మాయ అంటార్రా, ఆ పేరు బిడ్డకి పెడతారా?’ అని. దెబ్బకి మాయ ఓడిపోయింది.

చివరగా నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకుండా దిగిపోతే ఇంతసేపూ మాట్లాడింది దండగ.

ఉద్యోగం కొత్తలో ప్రాథమిక పాఠశాలలో చేసేవాణ్ణి. జూన్‌లో పిల్లల్ని చేర్పించుకుంటాం కదా, అడ్మిషన్ రిజిస్టరులో ఏం రాస్తే అదే పేరు. మాలాంటి మాస్టార్లకి అదొక అధికారం. చిన్నోడు అని చెబితే శ్రీనివాసరావు అని రాసేవాళ్ళం, నల్లది అని చెబితే నాగలక్ష్మి అనేవాళ్ళం, పుట్టినరోజులు కూడా మేమే పెట్టేవాళ్ళం, జూన్ 1 అనో జూలై 1 అనో. ఒకరోజు ఒకామె ఆరేళ్ళ పిల్లని తీసుకొచ్చింది, పేరు పెంటమ్మ. నాకు నా బడి, నా వేమవరం అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఈ పిల్లకి ఆ బాధ వద్దు అనుకున్నాను. పద్మ అని రాసేశాను. ఆమెని అడగలేదు. చాలా గొప్ప పని చేశానని ఆ రాత్రి అన్నం కూడా ఎక్కువ తిన్నాను.

వారం రోజులకి ఆ పిల్ల అమ్మమ్మ వచ్చింది బడికి. గొడవకి రాలేదు, చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడింది. ‘పిల్ల ఇంట్లో పిలిస్తే పలకట్లేదు సారూ, నా పేరు పద్మ అంటంది’ అంది. పద్మ అంటే తామర పువ్వమ్మా, లక్ష్మీదేవి పేరు, పెంటమ్మ అంటే పిల్లలు ఏడిపిస్తారు అని ఏదో చెప్పాను. మొత్తం విని ఆమె అంది, ‘అది మా అమ్మ పేరు సారూ. ఆమె పేరు పలికేవాళ్ళు ఇప్పుడు ఎవురూ లేరు. దీన్ని పిలిస్తే ఆమెను పిలిచినట్టుంటదని పెట్టుకున్నాం.’ నేనేం మాట్లాడలేదు. కాసేపాగి, ‘మీ పేరేంది సారూ?’ అంది. పుల్లయ్య అన్నాను.

ఆమె నా వంక చూసింది. ఇంకొక్క మాట అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

రిజిస్టరు దిద్దలేదు నేను. కొట్టివేతలుంటే ఇన్‌స్పెక్షన్‌లో అడుగుతారని భయం, అది ఒక కారణం. అహంకారం ఇంకో కారణం, ఇప్పుడు ఒప్పుకోవడానికి ఏముంది. ఆ తర్వాత మాత్రం ఎవరి పేరూ అడక్కుండా మార్చలేదు, రిటైరయ్యేదాకా.

మూడేళ్ళ కిందట ఒక పెళ్ళిలో ఒకామె వచ్చి కాళ్ళకి దండం పెట్టింది, ఏఎన్‌ఎమ్‌గా చేస్తోందట. పద్మని సార్ అంది, నాకు వెంటనే తట్టలేదు. పెంటమ్మని సార్ అంది. లేచి నిలబడ్డాను. కోపముందా అమ్మా నా మీద అని అడిగేశాను. నవ్వింది. ‘కోపమెందుకు సారూ, మీ పుణ్యాన రెండు పేర్లున్నాయి నాకు. జీతం పద్మకొస్తది, తిట్లు పెంటమ్మకొస్తయ్. ఇంట్లో మా ఆయన పద్మా అన్నాడంటే అప్పు అడగబోతున్నాడని లెక్క.’ భోజనాలకి పిలుస్తున్నారు అక్కడ, జనం తోసుకుంటున్నారు. వెళ్ళబోతూ ఆగింది. ‘మా అమ్మమ్మ పోయేముందు రెండు రోజులు పెంటమ్మా పెంటమ్మా అంటానే ఉంది సారూ. నన్ను పిలిచిందో, వాళ్ళమ్మను పిలిచిందో తెలీలా. నేనైతే పలికాను.’

...టైమైందని చీటీ వచ్చింది. ఆగండాగండి, శాలువా తర్వాత. ఇంకో పది నిమిషాలు మీలో ఎవరన్నా మాట్లాడితే బాగుంటుంది, ఊరికే నేనొక్కణ్ణే వాగాను. అదిగో ఆ స్తంభం పక్కన చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి. మాట్లాడే ముందు పేరు చెప్పమ్మా. కాలేజీ పేరు కాదు, ఇంట్లో పిలిచేది.